నిర్దోషి కావలెను

తప్పు చేసినవాళ్ళను శిక్షించడం పాతకాలపు మొరటు పద్ధతి అని మొదట కనిపెట్టింది మా ఊరి సద్గుణసాగర కాన్వెంటు. కనిపెట్టిన రోజున నేనూ ఆ బడి హాల్లోనే ఉన్నాను. ఫ్యాను కింద చోటు దొరకలేదు గానీ మాటలన్నీ వినబడ్డాయి.

అంతకు ముందు వారం ఎవరో కరస్పాండెంటు చక్రధరరావు గారి కారు టైర్లలో గాలి తీసేశారు. తీసిందెవరో ఎవరూ చెప్పలేదు. దాంతో బడి మొత్తాన్ని మిట్టమధ్యాహ్నం గ్రౌండులో నిలబెట్టారు. ఎల్కేజీ పిల్లలు టపటపా రాలిపోయారు. తల్లిదండ్రులు గేటు దగ్గర గోల చేశారు. అందుకని మీటింగు పెట్టారు.

మా అమ్మాయి ప్రణవి అక్కడ రెండో తరగతి. మా ఆయన సూరిబాబు కడియం నర్సరీల్లో మొక్కలకు అంట్లు కడతాడు. నన్ను ఎనిమిదో తరగతిలో ఉండగా బడి మాన్పించారు. నేను మానేస్తే ఇంట్లో అందరికీ వీలుగా ఉంటుందన్నారు, వీలుగానే ఉంది. అందుకే నా కూతురు మాత్రం మధ్యలో బడి గడప దిగకూడదని నా పట్టు. బడివాళ్ళు కబురు పెడితే చాలు, పొయ్యి మీద పాలు దింపేసి, ఏం మునిగిందో అనుకుంటూ పరిగెత్తుతాను.

ప్రిన్సిపాల్ నళినీకుమార్ గారు అప్పుడే ఏదో రిసార్టులో నైతిక నాయకత్వ శిబిరం ముగించుకుని వచ్చారు. ముఖం వెలిగిపోతోంది. బోర్డు మీద పడవ బొమ్మ వేశారు.

"ఊహించండి," అన్నారు. "నడి గోదావరిలో పడవ. అందులో ఆరుగురు మనుషులు. బరువెక్కువై మునిగిపోతోంది. ఒక్కరిని తోసేస్తే తక్కిన అయిదుగురూ బతుకుతారు. ఏమి చేయవలెను?"

వెనకనుంచి ఓ తాతగారు లేచాడు. మనవణ్ణి దింపడానికి రోజూ రేవు దాటి వచ్చే మనిషి.

"లోపల సరుకేవన్నా ఉందాండి?"

"లేదు."

"సరుకు లేకండా ఆరుగురికే మునిగిపోయే పడవని రేవులోంచి ఎలా వదిలేరండి?"

"అది ప్రశ్న పరిధిలోకి రాదు."

"పోనీ ఈతొచ్చినోళ్ళు దిగి అంచట్టుకుంటే..."

"ఎవరికీ ఈత రాదు."

"గోదారోళ్ళకి ఈత రాదంటే ఎలాగండీ!"

"అదీ పరిధిలోకి రాదు! కూర్చోండి!"

పక్కింటి బుల్లెమ్మ నా చెవిలో అంది: "వదినా, ఆ పడవెవడిదో గానీ, ముందు ఆడ్ని తొయ్యాల."

ప్రిన్సిపాల్ గారు చేతికంటిన చాక్‌పీసు పొడి ఊదుకున్నారు. "ఇన్నాళ్ళూ మనం ఒకడి తప్పుకు అయిదువందల మందిని శిక్షించాం. అది అనాగరికం. ఇకమీదట అయిదువందల మంది కోసం ఒక్కరిని మాత్రమే శిక్షిస్తాం. దీన్నే ఏకత్యాగ విధానం అంటారు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఎండలో నిలబడే బాధ తప్పింది కదా అని. కొట్టాక అనుమానం వచ్చింది.

"సార్, ఆ ఒక్కరూ తప్పు చేసినోళ్ళేనాండి?"

ఆయన నావైపు జాలిగా చూశారు. "అమ్మా, తప్పు చేసినవాణ్ణి శిక్షించాలంటే విచారణ కావాలి, సాక్ష్యం కావాలి. చివరికి వాళ్ళ నాన్నగారు వచ్చి నా బల్ల గుద్దుతారు. అదే ఏ పాపమూ ఎరుగని బిడ్డను శిక్షిస్తే? విచారణ లేదు, పక్షపాతం లేదు, ఎవరి మీదా అనుమానపు మచ్చ లేదు. దోషిని కొడితే అది శిక్ష. నిర్దోషిని కొడితే అది త్యాగం. త్యాగానికి అడ్డుపడే సంస్కృతి మనది కాదు. ఆ నిర్దోషి ఎంత గొప్పవాడైతే త్యాగమూ అంత గొప్పది."

ఆయన చెబుతుంటే అంతా సబబుగానే ఉంది. బయటికి వచ్చి చెప్పులు వేసుకునేటప్పుడే బాగోలేదు.

మరి నిర్దోషిని పట్టుకోవడం ఎలా? దానికీ శాస్త్రీయ పద్ధతి ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని మన పెద్దలు ఊరికే అనలేదట. సోమవారం ప్రార్థనలో ప్రిన్సిపాల్ గారు మైకు దగ్గరికి వచ్చి, ఉన్నట్టుండి "గుమ్మడికాయల దొంగ!" అని గట్టిగా అరిచారు. భుజం తడుముకున్నవాళ్ళు దోషులు. తడుముకోనివాళ్ళు నిర్దోషులు. దీనికి భుజస్పర్శ పరీక్ష అని పేరు పెట్టారు.

పెద్ద తరగతుల వాళ్ళకు జేబుల్లో ఏవేవో ఉంటాయి, ఉలిక్కిపడి తడుముకున్నారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను చూసి తడుముకున్నారు. ఎల్కేజీ వాళ్ళు ఏదో కొత్త ఆట అనుకుని ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు తడిమారు. అయిదువందల మందిలో చేతులు కదపనిది మా ప్రణవి ఒక్కతే.

"ఎందుకే తడుముకోలేదు?" అని అడిగాను ఆ సాయంత్రం.

"ప్రార్థన అయ్యేదాకా దణ్ణం విప్పకూడదన్నావు కదమ్మా."

దాని మెడలో పసుప్పచ్చ రిబ్బను. దానిమీద బంగారు రంగులో 'త్యాగనిధి' అని రాసి ఉంది. మా ఆయన నర్సరీ నుంచి వచ్చి, చేతుల మట్టి కూడా కడుక్కోకుండా రిబ్బను తిప్పి చూశాడు.

"ప్రైజొచ్చిందా దీనికి?"

"శిక్ష బావా."

"దేనికి?"

"ఏం చెయ్యనందుకు."

"అదేంటే, బళ్ళో అందరూ చప్పట్లు కొట్టేరని చెప్తంది?"

"కొట్టేరు."

ఆయన రిబ్బను వదిలేసి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ వారం నుంచి బళ్ళో ఏం జరిగినా మా ప్రణవి ఖాతాలోకే వచ్చేది. ఏడో తరగతివాడు లెక్కల టీచరు చున్నీకి తోక కడితే మా ప్రణవి గోడకుర్చీ వేసింది. ఎవరో కుళాయి తిప్పి వదిలేస్తే మా ప్రణవి గుంజీలు తీసింది. పదో తరగతి అబ్బాయి ప్రేమలేఖ దొరికితే, 'నేను ఇకమీదట చదువు మీదే దృష్టి పెడతాను' అని మా ప్రణవి చేత కాపీ రాయించారు. దృష్టి అనే మాటకు దానికింకా ఒత్తులు రావు.

పిల్లలకు ధైర్యం పెరిగింది. చేసేది ఒకరు, పడేది ఇంకొకరు అయితే ఎవరికి మాత్రం పెరగదు? బళ్ళో బల్లలు విరిగాయి, గంట మాయమైంది. నోటీసు బోర్డులో మాత్రం 'శిక్షలు అత్యల్ప స్థాయికి చేరినవి' అని అంటించారు. చుట్టుపక్కల కాన్వెంట్ల వాళ్ళు కార్లేసుకుని చూడటానికి వచ్చారు. మా పిల్ల చేత గోడకుర్చీ వేయించి, ఫొటోలు దిగి, బిస్కెట్లు తిని వెళ్ళారు.

నేను ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను.

"సార్, మా పిల్లకి పాఠాలు పోతన్నాయండి. అది ఏ తప్పూ చెయ్యలేదు సార్."

"మాకు తెలియదా అమ్మా! చేసి ఉంటే ఈపాటికి తొలగించేవాళ్ళం."

"బళ్ళోంచాండి?"

"పదవిలోంచి."

"పోనీ ఇవాళ ఎండలో ఎందుకు నిలబెట్టేరో చెప్పండి సార్. కారణం ఉండాలి కదండీ?"

"తప్పకుండా ఉంటుంది. అందుకోసం సమర్థన కమిటీ వేశాం. తెలుగు మాస్టారు, సైన్సు మేడమ్, డ్రిల్లు సారు సభ్యులు. నిన్నటి గోడకుర్చీకి మోకాళ్ళ దారుఢ్యం అని ఇచ్చారు. గుంజీలకు చెవి నరాల వికాసం అని ఇచ్చారు. ఇవాళ్టి ఎండకు మాత్రం కమిటీ ఇంకా కూర్చోలేదు. సోమవారానికి కారణం తయారవుతుంది."

"శిక్ష అయిపోయింది కదండీ?"

"నిర్ణయం అనేది హృదయంలోంచి వస్తుందమ్మా. కారణాలు నెమ్మదిగా నడిచి వస్తాయి."

నేను వస్తుంటే గుమ్మంలో బుల్లెమ్మ కొడుకు మోక్షిత్ ఎదురయ్యాడు. నాలుగో తరగతి. ఊళ్ళో ఎవరింట్లో ఏది పగిలినా ముందు వాడి పేరే చెబుతారు, నూటికి తొంభైసార్లు కరెక్టే. వాడు నన్ను చూసి తల దించుకుని, గభాలున లోపలికి వెళ్ళి అన్నాడు.

"సార్, కారు గాలి తీసింది నేనే సార్. చున్నీకి తోక కట్టింది మాత్రం నేను కాదు. గంట తీసింది కూడా నేనే. ప్రణవిని వదిలెయ్యండి సార్."

ప్రిన్సిపాల్ గారికి కోపం వచ్చింది. "ఎవడ్రా నిన్ను అడిగింది? ఒక పద్ధతి నడుస్తుంటే మధ్యలో వచ్చి చెడగొడతావా? దోషులతో మాకు పనేముంది? వెళ్ళు, వెళ్ళి హోంవర్కు రాసుకో!"

వాడు ఏడుస్తూ వెళ్ళిపోయాడు. వాణ్ణి ఏడిపించడం ఊళ్ళో అప్పటిదాకా ఎవరివల్లా కాలేదు.

ఇక తల్లులు జాగ్రత్తపడ్డారు. మళ్ళీ భుజస్పర్శ పరీక్ష పెడితే తమ పిల్ల ఎక్కడ నిర్దోషిగా తేలుతుందోనని ఒకటే భయం. మా వీధిలో తెల్లారి లేస్తే ఎక్కాలు వినబడేవి, ఇప్పుడు గుమ్మడికాయలు వినబడుతున్నాయి. తల్లి "గుమ్మ" అనగానే పిల్ల భుజం మీద చెయ్యి పడాలి. ట్యూషన్ మాస్టరు ఒకాయన 'దోషిత్వంలో ప్రత్యేక శిక్షణ' అని బోర్డు కట్టాడు. కూరలమ్మి బండి తోసుకుంటూ "గుమ్మడికాయలూ!" అని కేకేస్తే, అరుగుల మీద ఆడుకునే పిల్లలంతా ఠక్కున భుజాలు తడుముకున్నారు. అది చూసి ఆవిడ బండి వదిలేసి పారిపోబోయింది. పేరెంట్స్ మీటింగుల్లో తల్లులు గొప్పలు చెప్పుకునే తీరు కూడా మారింది.

"మావాడు మొన్న పెన్ను దొంగిలించాడండి."

"మాది అబద్ధాలు కూడా ఆడుతుందండి, ఇంగ్లీషులో!"

నేనూ మా ప్రణవికి నేర్పించాను. అరిచినప్పుడల్లా భుజం తడుముకోమంటే, "నేను గుమ్మడికాయ తియ్యలేదు కదమ్మా" అంటుంది. తీస్తే తడుముకుంటుందేమో అని ఓ రోజు చాక్‌పీసు దొంగిలించి తెమ్మని పంపాను. కన్నతల్లిని, దొంగతనానికి విభూతి పెట్టి మరీ పంపాను. సాయంత్రం వట్టి చేతులతో వచ్చింది. టీచరు దగ్గరికి వెళ్ళి, "మా అమ్మ దొంగిలించమంది, ఒకటి ఇస్తారాండి?" అని అడిగిందట. టీచరు మురిసిపోయి దాని నిర్దోషిత్వానికి రెండో రిబ్బను ఇచ్చింది.

బుల్లెమ్మకు జాలేసింది. "వదినా, మావోణ్ణి ఓ నాలుగు రోజులు మీ ఇంట్లో ఉంచుకో. సావాసదోషం అంటారు కదా, అంటుకుంటదేమో చూద్దాం."

మోక్షిత్ శ్రద్ధగానే చెప్పాడు. మా ఇంట్లో గ్లాసులు పగలగొట్టి చూపించాడు. చెప్పుల్లో పేడ ఎలా పెట్టాలో చూపించాడు. ప్రణవి ఆ చెప్పులు కడిగి ఎండలో పెట్టింది. చివరికి వాడు వచ్చి నా ముందు చతికిలబడ్డాడు.

"అత్తా, దీనికి రాదు. చెయ్యి వణికిపోతంది. నావల్ల కాదు."

ఇలా ఉండగా ఓ ఆదివారం బడి ప్రహరీగోడ కూలిపోయింది. వానా లేదు, గాలీ లేదు. కట్టి నిండా ఏడాది కాలేదు. నిలబడి నిలబడి విసుగొచ్చినట్టు కూర్చుండిపోయింది. ఆ గోడ పక్కనే రోజూ చిన్నపిల్లలు వరసగా కూర్చుని అన్నాలు తింటారు. సోమవారమైతే ఏమయ్యేదో అనుకుంటే ఇప్పటికీ నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోతుంది.

పేపర్లో వచ్చింది. విద్యాశాఖ నుంచి అధికారి వస్తున్నారన్నారు. బడి మూయించేస్తారని కొందరన్నారు. కరస్పాండెంటు గారు పేపరువాళ్ళను పిలిచి, తెల్లచొక్కాలో ఫొటో దిగి, ప్రకటన ఇచ్చారు: 'గోడ కట్టిన సంగతి గానీ, పడిన సంగతి గానీ నాకు తెలియదు. నేను పూర్తిగా నిర్దోషిని.'

అదే రోజు సాయంత్రం మా ఇంటికి కబురొచ్చింది. బడి పరువు కాపాడటానికి ఏకత్యాగ విధానం ప్రకారం ప్రణవికి టీసీ ఇచ్చి పంపించేస్తారట. సన్మానం కూడా ఉంటుంది, కొత్త గౌను వేసి తీసుకురమ్మన్నారు.

మా ఆయన అన్నం ముందు కూర్చుని, "గోడకీ దీనికీ ఏంటే సమ్మంధం?" అని అడిగాడు.

"లేదు బావా. లేదు కాబట్టే."

"ఇంకో బళ్ళో ఏద్దారిలే."

"ఏడాది మధ్యలో ఎవరు చేర్చుకుంటారు? ఈ యేడాది పోతే వచ్చే యేడాది చూద్దామంటారు. వచ్చే యేడాది ఇంట్లో ఏదో పనుంటది. నాకు తెలవదా, బడి మానడం ఎలా ఉంటదో!"

ఆయన కంచంలో చెయ్యి కడిగేశాడు.

మీటింగు రోజున హాలు కిక్కిరిసిపోయింది. వేదిక మీద అధికారి గారు, పక్కన కరస్పాండెంటు గారు, మధ్యలో స్టూలు మీద మా ప్రణవి. కాళ్ళు నేలకు అందక ఊగుతున్నాయి. ప్రిన్సిపాల్ గారు తీర్మానం చదివారు.

"ఒకవైపు అయిదువందల మంది విద్యార్థుల భవిష్యత్తు, సిబ్బంది జీవనోపాధి, సంస్థ ప్రతిష్ఠ. మరొకవైపు ఒకే ఒక్క టీసీ. సదరు విద్యార్థినిపై ఎటువంటి ఆరోపణయూ లేదని, గోడతో ఆమెకు ఎటువంటి సంబంధమూ లేదని ఈ సభ సగర్వంగా ప్రకటిస్తున్నది. అందువలన ఆమెను పాఠశాల నుండి తొలగించడమైనది."

అధికారి గారు తల ఊపారు. "బాధ్యులపై చర్య తీసుకున్నారా అని పైవాళ్ళు అడుగుతారు. చర్య తీసుకున్నట్టు రాసుకోవచ్చు. ఎవరిపై అని వాళ్ళు అడగరు."

నేను లేచాను. బుల్లెమ్మ వెనకనుంచి నా జాకెట్టు పట్టుకుని నిలబెట్టింది.

"సార్, నాకు పెద్ద చదువు లేదండి. ఒక్కటే అడుగుతాను. పరీక్ష ఇంకోసారి పెట్టండి. పిల్లలకే కాదండి, ఇక్కడున్నోళ్ళందరికీ పెట్టండి."

"పరిధిలోకి రాదు," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

అధికారి గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఆగండి. మీ నియమాల్లో ఏముంది? త్యాగం చేయవలసింది విద్యార్థి అనా, సంస్థకు చెందినవారు అనా?"

ప్రిన్సిపాల్ గారు చూసుకుని నసిగారు. "సంస్థకు చెందినవారు అనే ఉందండి. విశాల దృక్పథంతో రాశాం."

"అయితే పెట్టండి. ప్రొసీజరు ప్రొసీజరే."

ప్రిన్సిపాల్ గారు మైకు అందుకున్నారు. "గుమ్మడికాయల దొంగ!"

హాలంతా ఒక్కసారి కదిలింది. పిల్లలు, తల్లులు, తండ్రులు, టీచర్లు, ఆయాలు, వ్యానుడ్రైవర్లు అందరి చేతులూ భుజాల మీదికి వెళ్ళాయి. అరిచిన ప్రిన్సిపాల్ గారి చెయ్యి కూడా వెళ్ళింది. అధికారి గారు తడుముకున్నాక దురద అన్నారు. తడుముకోనివాళ్ళు ఇద్దరే తేలారు. ఒకరు ప్రణవి. ఇంకొకరు కరస్పాండెంటు చక్రధరరావు గారు. ఆయన పేపరు ఒళ్ళో పెట్టుకుని, ఫొటోలో ఎలా ఉన్నారో అలాగే ధీమాగా కూర్చున్నారు. ఆయనకు అలవాటు లేదు మరి, తడుముకోవడం.

"సార్," అన్నాను, "ఇప్పుడు పడవలో నిర్దోషులు ఇద్దరయ్యారు. నిర్దోషి ఎంత గొప్పోడైతే త్యాగం అంత గొప్పదని తమరే సెలవిచ్చారు. మా పిల్లకంటే ఆయనే గొప్పోరండి, ఎవర్నడిగినా చెప్తారు."

హాల్లో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. బుల్లెమ్మ మాత్రం తీసుకుంది.

"అయినా ఆ చిన్నదాన్ని తోత్తే ఏం తేల్తదండీ పడవ? ఇరవై కేజీలు లేదది! ఆయన్ని తొయ్యండి, అయిదొందల మందీ తేల్తారు!"

నవ్వులు మొదలై గోల అయిపోయింది. కరస్పాండెంటు గారికి విషయం నెమ్మదిగా అర్థమైంది. అర్థమవుతున్న కొద్దీ ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. ఒక్క ఉదుటున లేచి రెండు భుజాలూ రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు.

"నేను నిర్దోషినా? ఎవరన్నారా మాట? పేపరువాళ్ళు తప్పు రాశారు! సిమెంటు తగ్గించమన్నది నేను! మిగిలిన సిమెంటుతో మా మేడ మీద గది వేసుకున్నది నేను! ఈ గోడ నిలవదు బాబోయ్ అని మేస్త్రీ మొత్తుకుంటే వాణ్ణి పనిలోంచి తీసేసింది నేను! నాలాంటివాడు త్యాగానికి ఎలా పనికొస్తాడనుకున్నారు?"

నేను ఆ క్షణంలో గెలిచాననుకున్నాను. బుల్లెమ్మ నన్ను కావలించుకుంది. మోక్షిత్ కిటికీ ఎక్కి ఈల వేశాడు. ఇంత పెద్దమనిషి ఇంతమంది ముందు ఒప్పుకున్నాడు, ఇంకేం కావాలి?

ప్రిన్సిపాల్ గారి కళ్ళు చెమర్చాయి. "ఎంత నిజాయితీ! ఎంత పారదర్శకత!" అన్నారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ప్రణవి కోసం తెచ్చిన దండ కరస్పాండెంటు గారి మెడలో వేశారు. అధికారి గారు నియమాలు అటూ ఇటూ తిప్పి చూశారు.

"కరస్పాండెంటు గారు దోషి అని రుజువైంది. కనుక వారు అనర్హులు."

"మరి ఆయన్నేం చేత్తారండి?" అన్నాను.

"దోషుల విషయం ఇందులో లేదమ్మా. నిర్దోషుల గురించే ఉంది. ఇక మిగిలింది ఒక్కరే, కాబట్టి పోటీ లేదు."

మా ప్రణవిని స్టూలు మీంచి దింపి చేతికి టీసీ ఇచ్చారు. నడవడిక అనే చోట 'సంపూర్ణ నిర్దోషి' అని కమిటీలోని తెలుగు మాస్టారు తన గుండ్రటి దస్తూరీలో రాశారు. దండ మిగల్లేదు. డ్రిల్లు సారు పోనీ అని సమోసా పొట్లం ఇచ్చారు.

ఆ వారమంతా మా వీధిలోకి కార్లు వచ్చాయి. మా అరుగు మీద కాన్వెంట్ల వాళ్ళు వంతులవారీగా కూర్చున్నారు. ఏకత్యాగం అన్ని బళ్ళలోనూ పెట్టారట. పెట్టాక చూస్తే ఎక్కడా నిర్దోషులు లేరట.

"మా దగ్గర పన్నెండువందల మంది ఉన్నారమ్మా," అన్నాడు ఒకాయన, కళ్ళనీళ్ళొక్కటే తక్కువగా. "ఒక్కడూ పనికిరాడు. అందరూ తర్ఫీదైపోయారు. మీ పాపను పంపండి. ఫీజు వద్దు, వ్యాను పంపిస్తాం, రెండు జతల బట్టలు కుట్టిస్తాం. మా బడికో నిర్దోషి కావాలమ్మా, ఇనస్పెక్షన్ ఉంది."

మా ఆయన చేతిలో అంటుకత్తి ఉంది. అది చూసి ఆ వచ్చినాయన మిగతా మాటలు వీధిలోంచి చెప్పాడు.

మర్నాడు ప్రణవి తల దువ్వి, రెండు జడలు వేసి, కాలువ అవతల సర్కారు బడికి తీసుకెళ్ళాను. వంతెన మీద అది నా చెయ్యి పట్టుకుని నడిచింది, చేపలు చూపించింది. నేను ఏ చేపనూ చూడలేదు. ఏడాది మధ్యలో వచ్చావేమని అడుగుతారు, ఏం చెప్పాలి? ఆలోచిస్తూనే గేటు దాటాను.

పెద్ద టీచరుగారు అరవైకి దగ్గరలో ఉన్న మనిషి, బల్ల నిండా కాగితాలు. టీసీ పక్కన పెట్టి మామూలుగానే అడిగారు.

"మధ్యలో ఎందుకు పంపేశారమ్మా? ఏం చేసింది పిల్ల?"

నేను నోరు తెరిచాను. ఏమీ చెయ్యలేదండీ అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. అప్పుడు ఆవిడ మోచేతి కింద ఉన్న కాగితం కనబడింది. పై ఆఫీసు నుంచి వచ్చినట్టుంది. మీద 'ఏకత్యాగ విధానము – అన్ని పాఠశాలలకు వర్తింపు' అని పెద్ద అక్షరాలు. నాకు చదువు తక్కువే గానీ, పెద్ద అక్షరాలు వచ్చు.

"గోడ పడేసిందండి," అన్నాను.

టీచరుగారు కళ్ళజోడు పైనుంచి ప్రణవిని చూశారు. దాని రెండు జడలు, దాని మెడ, దాని అగ్గిపుల్లల్లాంటి చేతులు.

"ఈ పిల్లే?"

"ఆయ్. ప్రహరీగోడండి. మొత్తం."

ఆవిడ నన్ను నమ్మలేదు. పిల్లనే అడిగారు. "నిజమేనా అమ్మలూ? గోడ నువ్వే పడేశావా?"

ప్రణవి నా ముఖంలోకి చూసింది. అంతసేపు అది నన్ను ఎప్పుడూ చూడలేదు. నేను దానికేసి చూడలేక బల్ల మీదున్న గంటను చూశాను. నా చీర కుచ్చిళ్ళు పట్టుకున్న దాని చెయ్యి వణుకుతోందని తెలుస్తోంది. కాసేపటికి వణకడం ఆగింది.

"అవునండి," అంది. "రెండు చేతుల్తో తోశాను."

"ఎందుకు తోశావు?"

"అడ్డంగా ఉందండి."

టీచరుగారు పెదవి బిగబట్టారు. నవ్వాపుకున్నారో, ఇంకేం ఆపుకున్నారో నాకు తెలియదు. మోచేతి కింది కాగితాన్ని తీసి సొరుగులో పడేశారు. రిజిస్టరులో పేరు రాసుకుని, "వెళ్ళి రెండో తరగతిలో కూర్చో," అన్నారు.

నేను వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. లోపల బెంచీలన్నీ నిండిపోయి ఉన్నాయి. ప్రణవి సంచీ పట్టుకుని మధ్యలో నిలబడింది. ముందు బెంచీ కుర్రాడొకడు ఎగాదిగా చూసి, "ఆ బళ్ళోంచి ఎందుకు తోలేశారే నిన్ను?" అని అడిగాడు.

"గోడ పడేశాను," అంది నా కూతురు.

బెంచీ మీద పిల్లలంతా గబగబా జరిగి దానికి చోటిచ్చారు.